నెగటివ్ కంట్రోల్‌లో గీత లేచింది

మహబూబ్‌నగర్‌లో ఒక ఆర్‌టీ-పీసీఆర్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఏ ల్యాబ్ అన్నది ఇక్కడ అనవసరం. పోయిన నెల, అంటే 2021 మేలో, సెకండ్ వేవ్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు మా ల్యాబ్ వారం పాటు ఆగిపోయింది. మాలో ఎవరికో కరోనా వచ్చి కాదు. ల్యాబ్‌కే పాజిటివ్ వచ్చింది. కంటామినేషన్, అంటే ఉండకూడనిది టెస్టులో కలిసిపోవడం, అన్న మాట ట్రైనింగ్‌లో ఒక పూట విన్నాం గానీ, వస్తే ఏం చేయాలో, ఎంత ఖర్చవుతుందో, జనానికి ఏం జవాబు చెప్పాలో ఎవరూ చెప్పలేదు. ఇంకో ల్యాబ్‌వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మే 15, శనివారం. లాక్‌డౌన్ మొదలై నాలుగో రోజు. కోయిలకొండ, హన్వాడ, భూత్పూర్, దేవరకద్ర వైపు నుంచి వ్యాక్సిన్ క్యారియర్లలో శాంపిళ్లు వచ్చి పడుతున్నాయి. మా దగ్గర పనిచేసే భాయ్ ముందురోజు రంజాన్ పండుగకు కూడా పొద్దున నమాజు చదువుకుని డ్యూటీకి వచ్చేశాడు, అంత రద్దీ. సాయంత్రం ఏడింటికి రెండో రన్ పెట్టాం. 96 వెల్స్ ప్లేటులో 94 శాంపిళ్లు, ఒకటి పాజిటివ్ కంట్రోల్, ఒకటి నెగటివ్ కంట్రోల్. నెగటివ్ కంట్రోల్‌లో ఎవరి శాంపిలూ ఉండదు, నీళ్లే పోస్తాం. మెషిన్ వైరస్ జీన్‌ను సైకిల్ తర్వాత సైకిల్ కాపీలు తీస్తూ పోతుంది, జీన్ ఉంటే స్క్రీన్ మీద గీత లేస్తుంది. నెగటివ్ కంట్రోల్ గీత చివరిదాకా నేల మీదే పాకాలి. ఆ రోజు 33వ సైకిల్ దగ్గర లేచింది.

మొదట మెషిన్ మీద అనుమానపడ్డాం, తర్వాత కిట్ మీద. మైక్రోబయాలజిస్ట్ మేడమ్ గ్రాఫ్ పెద్దది చేసి చూసి, "ఇంటర్నల్ కంట్రోల్ చూడండి, లేవలేదు" అన్నారు. ఇంటర్నల్ కంట్రోల్ మనిషి జీన్‌ను పట్టుకుంటుంది. అది ఫ్లాట్‌గా ఉండి వైరస్ జీన్ ఒక్కటే లేచిందంటే, పక్క వెల్ నుంచి పేషెంట్ శాంపిల్ చిందలేదన్నమాట. పాజిటివ్ కంట్రోల్ అయినా చిందాలి, లేదా మేం నెలల తరబడి చేసిన రన్‌లలో తయారైన డీఎన్ఏ, యాంప్లికాన్ అంటారు, అదైనా మిక్స్ చేసే గదిలోకి చేరాలి. రన్ అయిపోయిన ఒక్కో ట్యూబులో దాని కాపీలు కోట్లలో ఉంటాయి. కంటికి కనబడని తుంపర పడినా చాలు.

ఆ రాత్రి రిపోర్టులు ఆపేశాం. పాత రన్‌ల గ్రాఫులన్నీ తిరగేశాం. అంతకుముందు రోజు వరకు నెగటివ్ కంట్రోళ్లు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఆ రెండు రోజుల్లో 30 దాటిన సీటీతో పాజిటివ్ వచ్చిన శాంపిళ్లను మళ్లీ చేయడానికి పక్కన పెట్టారు మేడమ్. సీటీ అంటే గీత ఎన్నో సైకిల్‌లో లేచిందో ఆ అంకె, అది ఎంత తక్కువైతే శాంపిల్‌లో జీన్ అంత ఎక్కువ. నాకు రాత్రంతా అదే టెన్షన్. ఎవరినైనా ఉత్తపుణ్యానికి పాజిటివ్ అని చెప్పి ఇంట్లో ఒక గదిలో పడేశామా, నెగటివ్ మనిషిని తీసుకెళ్లి వార్డులో పాజిటివ్‌ల పక్కన పడుకోబెట్టారా అని. నిద్ర పట్టలేదు.

ఆదివారం కొత్త నీళ్లు, కొత్త ప్రైమర్లు, కొత్త ఎంజైమ్ తీసి ఒక చిన్న రన్ పెట్టాం. మళ్లీ లేచింది. ఇక కిట్ కాదని తేలిపోయింది. మధ్యాహ్నానికి బెంచ్ మూసేయమని ఆర్డర్. ఉన్న శాంపిళ్లు మూడు పొరల ప్యాకింగ్ చేసి, ఐస్ ప్యాకులు పెట్టి హైదరాబాద్ పంపాలి. ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లే గానీ అక్కడా క్యూ. మామూలుగా మేం ఒక రోజులో ఇచ్చే రిపోర్టుకు మూడు రోజులు, కొన్నింటికి నాలుగు పట్టింది.

ఫోన్ల సంగతి చెప్పాలి. ఫారం మీద మా ల్యాండ్‌లైన్ నంబర్ ఉంటుంది. సోమవారం పొద్దున ఒక పెద్దాయన కోయిలకొండ నుంచి చేశాడు. "బిడ్డా, మా ముసల్దానికి దమ్ము వస్తలేదు. రిపోర్టు లేంది చేర్చుకోమంటున్నరు. గంట సేపట్ల చెప్తమన్నరు, రెండు రోజులాయె." కంటామినేషన్ అంటే ఆయనకేం అర్థమవుతుంది? దగ్గరి పీహెచ్‌సీలో ర్యాపిడ్ యాంటిజెన్ టెస్ట్ చేయించండి తాతా, పావుగంట, అరగంటలో తెలుస్తుంది, పాజిటివ్ వస్తే ఆ కాగితంతోనే చేర్చుకుంటారు అని చెప్పా. పాజిటివే వచ్చిందని, చేర్చారని సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి దమ్ము ఆడని వాళ్ల గురించి ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెప్పేవాళ్లం. మీ ల్యాబ్ ఆగిపోతే ఇది రాసి గోడకు అంటించండి, ఫోన్ దగ్గర ఎవరున్నా చదివి చెప్తారు.

మే 17న వైప్ టెస్ట్ చేశాం. పని సులువే. స్వాబ్‌ను పీసీఆర్ నీళ్లలో తడిపి, అనుమానమున్న చోట రుద్ది, ఆ నీళ్లనే శాంపిల్‌లా రన్ చేయాలి. బెంచీలు, పిపెట్లు, క్యాబినెట్ లోపలి గోడలు, సెంట్రిఫ్యూజ్ మూత, ట్యూబులను గిలక్కొట్టే వోర్టెక్స్, ఫ్రిజ్ పిడి, తలుపు గొళ్లాలు, ఏసీ బ్లేడ్లు, స్విచ్‌బోర్డులు, కంప్యూటర్ మౌస్, పెన్నులు. ఎక్కడ వస్తుందా అని లోపల పందెం కూడా వేసుకున్నాం. భాయ్ ఏసీ అన్నాడు, నేను పిపెట్లు అన్నా.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది వరండాలో ఉన్న ఆటోక్లేవ్ (వ్యర్థాలను ఆవిరితో ఉడికించే పెద్ద కుక్కర్ లాంటిది) పిడి మీద, 22 సీటీతో. తర్వాత రన్ రిజిస్టర్ అట్ట. ఆ తర్వాత మాస్టర్ మిక్స్ గదిలో ఫ్రిజ్ పిడి, ఒక పిపెట్, వోర్టెక్స్ అడుగున రబ్బరు కాళ్లు. మాస్టర్ మిక్స్ గది అంటే టెస్టు రసాయనాలు కలిపే గది, ల్యాబ్ మొత్తంలో అతి శుభ్రంగా ఉండాల్సింది. అక్కడికి శాంపిల్ కూడా రాకూడదు.

కథ అప్పుడు అర్థమైంది. రన్ అయిపోయిన ప్లేట్లను మిగతా వ్యర్థాలతో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టి, 121 డిగ్రీల దగ్గర ఉడికించాకే పసుపు కవర్‌లో వ్యర్థాల బండికి ఇవ్వాలని గోడ మీది చార్ట్‌లో ఉంది. ల్యాబ్ వ్యర్థాలను అక్కడే శుద్ధి చేసి పంపాలన్నది రూలే, వైరస్‌కు, బ్యాక్టీరియాకు అది సరైనదే. కానీ పీసీఆర్ ప్లేటు మీద ఉండేది పల్చటి అంటుడు ఫిల్మ్. ఆ వేడికి జిగురు కరిగి ఫిల్మ్ లేస్తుంది. ఆవిరి వదిలినప్పుడు లోపలున్న డీఎన్ఏ తుంపర్లు బయటికి వస్తాయి. పొట్టి డీఎన్ఏ ముక్కలు ఆ వేడికి పూర్తిగా పాడవవు కూడా. ఆటోక్లేవ్ తీసిన చేతులతోనే రిజిస్టర్‌లో టైమ్ రాయాలి. ఆ రిజిస్టర్ రోజుకు రెండుసార్లు మాస్టర్ మిక్స్ గదికి సంతకానికి వెళ్లేది. మనుషులం ఏ గది నుంచి ఏ గదికి పోవాలో ఏడాదిగా గీత గీసినట్టు పాటించాం. రిజిస్టర్‌కు మాత్రం ఎవరూ రూటు పెట్టలేదు.

ఇక్కడే నాకు అసలు సంగతి తలకెక్కింది. ఏడాదిగా మేం చేసిన శుభ్రత అంతా మమ్మల్ని కాపాడేది. 70 శాతం స్పిరిట్‌తో రుద్దితే వైరస్ చచ్చిపోతుంది, మనకు భయం లేదు. డీఎన్ఏ మాత్రం ఆ స్పిరిట్‌కు చెక్కుచెదరదు, తుడిచిన బట్టతో పాటు అటు నుంచి ఇటు జరుగుతుంది, అంతే. టెస్టును కాపాడే శుభ్రత వేరే. దానికి క్లోరిన్ కావాలి, అంటే హైపో (సోడియం హైపోక్లోరైట్).

పొద్దున ఆరు నుంచి పదింటి దాకానే దుకాణాలు. మంగళవారం నేను జడ్చర్ల నుంచి స్కూటీ మీద బయల్దేరి, పోలీసులకు ఐడీ కార్డు చూపించుకుంటూ ఎనిమిదింటికి క్లాక్ టవర్ చేరా. ఐదు లీటర్ల హైపో క్యాన్ 420 రూపాయలు. లాక్‌డౌన్‌కు ముందు అందులో సగానికే తెచ్చాం. డబ్బులకంటే ముందు క్యాన్ మీద తయారీ తేదీ చూడండి. మొదటి దుకాణంలో ఇచ్చినవి జనవరివి, పైగా ఎండ పడే చోట పెట్టి ఉన్నాయి. హైపో ఎండకూ వేడికీ బలం తగ్గిపోతుంది, 5 శాతం అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు. పాలమూరు ఎండలో నాలుగు నెలలు ఉన్న క్యాన్ కొనడమంటే నీళ్లు కొన్నట్టే. ఇంకో దుకాణంలో ఏప్రిల్‌వి దొరికాయి. క్లోరిన్ చూసే కాగితం పట్టీలు ఊళ్లో దొరకలేదు, శాంపిళ్లు పట్టుకెళ్లిన డ్రైవర్ అన్నతో హైదరాబాద్ నుంచి తెప్పించాం.

క్లీనింగ్ రెండు రోజులు నడిచింది. ఒక వంతు హైపోకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే అర శాతం అవుతుంది. ఏ పూటకాపూట కలుపుకోవాలి. పని శుభ్రమైన గదిలో మొదలై మురికి గదిలో ముగియాలి, వెనక్కి రాకూడదు. ఒక్కో గదికి ఒక బకెట్, ఒక మాపు, ఒక జత చెప్పులు. పైనుంచి కిందికి తుడవాలి, బట్టను మళ్లీ బకెట్‌లో ముంచకూడదు, మడత మార్చి వాడి పారేయాలి. పాత కాటన్ చీరలు నాలుగు చింపేశాం. కొనుక్కొచ్చిన టిష్యూ రోల్స్ కన్నా అవే బాగా పనికొచ్చాయి.

హైపో తగిలిన చోటు పది నిమిషాలు తడిగా ఉండాలి. పుస్తకంలో ఒక్క లైను ఇది. ఏసీ బ్లేడ్లు, ఫిల్టర్లు కడగడానికి ఏసీ ఆపాం. బయట 41 డిగ్రీలు. బెంచ్ మీద పూసింది మూడు నిమిషాల్లో ఆరిపోతోంది. మళ్లీ పూయి, మళ్లీ ఆరు. చివరికి హైపోలో తడిపిన బట్టలే బెంచ్ మీద పరిచి, పది నిమిషాలు టైమర్ పెట్టి వదిలేశాం. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తుడిచి, ఆఖరున స్పిరిట్. నీళ్లతో తుడవడం వదిలేస్తే తెల్లటి పొర మిగులుతుంది, స్టీలు తుప్పు పడుతుంది, మిగిలిన హైపో రేపటి టెస్టును కూడా చెడగొడుతుంది. క్యాబినెట్ స్టీలు అడుగున ఒక మూల అప్పటికే చిన్న చిన్న గుంతలు పడి ఉన్నాయి. వాటిలో స్వాబ్ తిప్పి తిప్పి తుడవడానికే గంట పట్టింది.

పీపీఈ కిట్‌లో, ఏసీ లేకుండా, హైపో వాసనలో. ఎన్95 తుంపరల్ని ఆపుతుంది గానీ క్లోరిన్ ఘాటును ఆపదు. అరగంటకోసారి వంతుల మీద బయటికి రావాల్సి వచ్చింది. తీసేటప్పుడు మళ్లీ తతంగం: పై గ్లౌజులు, గౌను, గాగుల్స్, ఆఖరున బయటికొచ్చాక మాస్క్, మధ్య మధ్యలో చేతులకు శానిటైజర్. గ్లౌజుల్లోంచి చెమట నీళ్లలా కారేది. మధ్యలో బాత్రూమ్‌కు పోవడం కుదరదని మేం ఆడవాళ్లం పొద్దున నుంచి నీళ్లు తక్కువ తాగేవాళ్లం. అది తప్పని అందరికీ తెలుసు, అందరం అదే చేశాం. ఇంటికెళ్లి అన్నం తింటే అన్నం కూడా హైపోలాగే ఉంది. భాయ్ మాత్రం, "వాసన వస్తోంది కదా అక్కా, అంటే మనకు కరోనా లేనట్టే" అని నవ్వించేవాడు.

బుధవారం మధ్యాహ్నం ఒక ప్రమాదం తప్పింది. శాంపిల్ నుంచి వైరస్ ఆర్‌ఎన్ఏ తీసే ఎక్స్‌ట్రాక్షన్ గదిలో, వైరస్‌ను పగలగొట్టే ద్రవం, అంటే లైసిస్ బఫర్, వాడేశాక పోసే సీసా ఒకటి ఉంటుంది. ఆ బఫర్‌లో గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది, హైపో తగిలితే విషవాయువు పుడుతుంది. రెండు రోజులుగా ఏది కనబడితే దానికి హైపో పోయమని అందరం అరుస్తున్నాం కదా, మా ఆయమ్మ పాపం ఆ సీసాలోకీ మగ్గు వంచబోయింది. మేడమ్ ఎదురుగానే ఉన్నారు కాబట్టి చెయ్యి పట్టుకున్నారు. సీసా మీద ఇంగ్లిష్‌లో అంతా రాసే ఉంది, పుర్రె బొమ్మతో సహా. ఆయమ్మకు ఇంగ్లిష్ రాదు. "గట్లాంటివి ముందుగాల చెప్పొద్దా మేడం" అని కోప్పడింది, ఆమె కోపంలో న్యాయముంది. అప్పటికప్పుడు ఎర్ర మార్కర్‌తో "ఇందులో హైపో పోయొద్దు. పోస్తే విషం గాలి" అని రాసి అంటించాం. మీ ల్యాబ్‌లో తుడిచే మనిషికి చదవొచ్చిన భాషలో ఆ చీటీ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

పారేసిన సామాను లెక్క వేరే. తెరిచిన టిప్స్ డబ్బాలు, లేబుళ్ల రోల్స్, పెన్నులు, గ్లౌజుల డబ్బాలు, మాస్టర్ మిక్స్ గది ఫ్రిజ్‌లో తెరిచి ఉన్న ప్రతి రియేజెంట్. వంద టెస్టుల కిట్ అలా తెరిచి ఉన్నది పారేస్తుంటే చెయ్యి రాలేదు. బయట జనం టెస్టుల కోసం లైన్లలో నిలబడుతున్నారు. పిపెట్లు విప్పదీసి కింది భాగాలు హైపోలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించి తూకం సరిచూశాం. రాత్రి యూవీ దీపాలు వేసి తలుపులు మూశాం. యూవీ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. వెలుగు నేరుగా పడిన చోటే పనిచేస్తుంది, సామాను నీడలో ఏమీ చేయదు. దీపం మీద దుమ్ముంటే వెలుగు బయటికే రాదు. మా ట్యూబు మీద వేలితో రాస్తే అక్షరం పడింది.

మే 20, గురువారం మళ్లీ వైప్ టెస్ట్. అన్నీ ఫ్లాట్, ఒక్కటి తప్ప. వోర్టెక్స్ రబ్బరు కాళ్లు. 36 దగ్గర మళ్లీ లేచింది. రెండు పూటలు హైపోలో నానింది అది. రబ్బరు పగుళ్లలోకి ఏం పోయిందో ఏమో. మేడమ్ ఇంకోసారి కడగనివ్వలేదు, తీసి వరండాలో పెట్టించి పక్క విభాగం నుంచి వేరేది అడిగి తెప్పించారు. మూడు రోజుల పనిలో నాకు నిజంగా ఏడుపొచ్చింది అప్పుడే.

శుక్రవారం ప్లేటంతా నీళ్లే పోసి, మధ్యమధ్యలో పాజిటివ్ కంట్రోళ్లు చదరంగం గళ్లలా పెట్టి రన్ చేశాం. గంటన్నర స్క్రీన్ ముందు అందరం నిలబడే ఉన్నాం. 30 దాటింది. 35 దాటింది. 40వ సైకిల్ అయ్యేదాకా నీళ్ల గీత ఒక్కటీ కదల్లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆకలైంది, పోయి తిన్నాం. మే 22 శనివారం పొద్దున, డీప్ ఫ్రీజర్‌లో ఆపిన అనుమానపు శాంపిళ్లతో ల్యాబ్ మళ్లీ మొదలైంది. వాటిలో నిజంగా పాజిటివ్ కానివి కొన్ని బయటపడ్డాయి. వాళ్లకు ఫోన్ చేసి చెప్పింది మేడమే. ఒకాయన తిట్టాడు, ఒకావిడ ఏడ్చింది. మిగతా వాళ్లు సరేనని పెట్టేశారు.

ఇప్పుడు రన్ అయిన ప్లేట్లను తెరవం, ఆటోక్లేవ్ చేయం. మెషిన్ గదిలోనే రెండు జిప్ కవర్లలో మూసి, విడిగా పసుపు కవర్‌లో వేసి వ్యర్థాల బండికి ఇస్తున్నాం. గోడ మీది చార్ట్‌లో ఈ ఒక్క లైను మార్పించడానికి మేడమ్ రెండు ఉత్తరాలు రాసి, బండివాళ్లతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. రిజిస్టర్లు గదికొకటి అయ్యాయి. మెషిన్ గదిలోకి వెళ్లినవాళ్లు ఆ రోజుకు మాస్టర్ మిక్స్ గదిలో అడుగు పెట్టరు. దీంతో డ్యూటీ చార్ట్ వేయడం పెద్ద తలనొప్పి అయింది, ఒక్కరు సెలవు పెడితే చాలు మొత్తం మారుతుంది. ప్రతి సోమవారం వైప్ టెస్ట్ చేస్తున్నాం, దానికి ఖర్చయ్యే రియేజెంట్ గురించి పైనుంచి అప్పుడే ఒకసారి అడిగారు.

నా చేతుల మీద తోలు ఇంకా ఊడుతోంది, కొబ్బరినూనెకు తగ్గలేదు, మెడికల్ షాపు క్రీము 180 రూపాయలు. నల్ల చుడీదార్ ఒకటి మచ్చలు పడి పోయింది. మా చేతి నుంచి పెట్టుకున్న హైపో, స్పిరిట్, బకెట్లు, చెప్పుల బిల్లులు కలిపి 6,840 రూపాయలకు పెట్టాం. చెప్పులు తప్ప మిగతాది శాంక్షన్ అయింది. గదికో జత చెప్పులు ఎందుకని అకౌంట్స్ సార్ అడుగుతున్నారు, సోమవారం వైప్ టెస్ట్ కాగితం పట్టుకుని వెళ్లాలి.